తోలుకు ఏ మిషన్? దాతలతో ఒక మాట

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద నేను స్కాలర్‌షిప్పుల లెక్క చెప్పి కూర్చుంటాను. ఈసారి కుట్టు మిషన్ల గురించి మాట్లాడతానంటే మన సెక్రటరీ గారు "టీచరమ్మా, మీరు కుట్టడం ఎప్పుడు మొదలుపెట్టారు?" అని నవ్వారు. మొదలుపెట్టలేదు. ఊడిన గుండీ కుట్టుకోవడం వరకే నాకు వచ్చు. కానీ ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. మిషన్ల కమిటీలో నన్ను వేసినప్పుడు, ఇందులో తెలియనిది ఏముంటుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడం వల్ల జరిగింది చెప్పడానికే ఇప్పుడు నిలబడ్డాను.

రెండేళ్ల కిందట మనం పదకొండు మిషన్లు పంచాం. ఆ ఫొటో మన సంచికలోనే వచ్చింది. పదకొండు మిషన్లు వరుసగా, వాటి వెనక మనమందరం. అందులో పది మిషన్లు బట్టలు కుట్టే ఆడబిడ్డలకు వెళ్లాయి. వాటి గురించి నాకు ఇబ్బంది లేదు. పదకొండోది తోలుపని చేసే ఒక అబ్బాయికి ఇచ్చాం. బెల్టులు, బ్యాగులు, మన నెల్లూరు పల్లెల్లో ఎద్దుల మెడకు కట్టే మువ్వల పట్టెడలు, ఇవీ అతని పనులు. తండ్రి నుంచి వచ్చిన పని. "తోలుకు గట్టి మిషన్ కావాలి కదా, టైలర్ మిషన్ కాకుండా మోటారు మిషన్ ఇద్దాం" అన్నది నేనే. బిల్లు మీద సంతకమూ నాదే.

ఆ మరుసటి వానాకాలం అతని చెల్లెలు వారం రోజులు బడికి రాకపోతే ఇంటికి వెళ్లాను. వసారాలో మన మిషన్ ఉంది. దాని మీద దుప్పటి, దుప్పటి మీద బియ్యం బస్తా. పక్కనే ఆ అబ్బాయి నేల మీద కూర్చుని, ఆరెతో తోలుకు చిల్లు పొడుచుకుంటూ, రెండు సూదులతో రెండు వైపుల నుంచీ దారం లాగుతూ పట్టెడ కుడుతున్నాడు. మిషన్ ఎలా ఉంది నాయనా అంటే వాళ్లమ్మ ముందే అందుకుని "బాగుందమ్మా, అల్లా మీకు మేలు చేయాలి" అంది. అతను తల వంచుకున్నాడు. నేను కదలకుండా నిలబడ్డాను. పిల్లల దగ్గర పనిచేసే పద్ధతే అది. కాసేపటికి అతనే అన్నాడు. "మీరు ఇచ్చింది ఆపా. పని చేయట్లేదని ఏ మొహంతో చెప్పేది?"

బస్తా దింపించి, కుట్టి చూపించమన్నాను. పలచటి మేకతోలు ఒక్క పొర బాగానే కుట్టింది. పట్టెడ తోలు, మూడేసి మిల్లీమీటర్లవి రెండు పొరలు పెట్టేసరికి మోటారు మూలిగింది. పెడల్ ఇంకొంచెం నొక్కితే ఒక్కసారిగా పరుగెత్తింది. సూది వంగింది, దారం తెగింది. కుట్టిన నాలుగు అంగుళాల్లో ఆరు చోట్ల కుట్టు తప్పింది. కింది పొర ముందుకు పోయింది, పై పొర వెనక పడిపోయింది. కింది వైపు మిషన్ పళ్ల గాట్లు. మొదటి వారంలోనే పద్నాలుగు సూదులు విరిగాయట. రెండు ప్యాకెట్లు సొంత డబ్బుతో కొన్నాడు. దారాలు మార్చి చూశాడు. తరువాత దుప్పటి కప్పేశాడు.

మిషన్‌లో లోపం ఏమీ లేదు. అది చొక్కాలు, ప్యాంట్లు కుట్టడానికి చేసిన మిషన్. మన బజారులో ఏ కంపెనీది అయినా సరే, మోటారు పెట్టిన ఇలాంటి మిషన్‌ను "జుకీ మిషన్" అనేస్తారు. నిజానికి జుకీ అనేది ఒక జపాన్ కంపెనీ పేరు. ఆ కంపెనీ చొక్కా కుట్టే మిషన్లూ చేస్తుంది, సోఫా తోలు కుట్టే మిషన్లూ చేస్తుంది. పేరు అడిగి కొంటే మనకు వచ్చేది పేరు మాత్రమే. "హెవీ డ్యూటీ" అన్న మాట కూడా అలాంటిదే. అట్టపెట్టె మీద ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. దేనికి హెవీ, ఎన్ని మిల్లీమీటర్లకు హెవీ అని నేను అడగలేదు.

ఇంతకీ తోలుకూ బట్టకూ తేడా ఎక్కడ వస్తుందో చెబుతాను. పాఠంలా అనిపిస్తే క్షమించాలి.

మామూలు మిషన్‌లో గుడ్డను ముందుకు నడిపేవి కింది పళ్లు మాత్రమే. పైన ఉండే పాదం అదిమి పట్టుకుంటుంది తప్ప కదలదు. బట్ట జారుతుంది కాబట్టి సరిపోతుంది. తోలు జారదు. పై పొర పాదానికి అంటుకుని ఆగిపోతుంది, కింది పొర పళ్లతో పోతుంది. పాదం ఒత్తిడి పెంచితే గాట్లు, తగ్గిస్తే సూది పైకి లేచేటప్పుడు తోలు కూడా దానితో లేస్తుంది. అలా లేచినప్పుడే కింద షటిల్‌కు దారం అందక కుట్టు తప్పుతుంది. ఇందుకే తోలు, రెక్సిన్ పనివాళ్లు వాకింగ్ ఫుట్ మిషన్లు వాడతారు. వాటిలో రెండు పాదాలు ఉంటాయి. ఒకటి నొక్కి పట్టుకుంటే రెండోది అడుగు వేస్తుంది. ఇందులో మేలు రకాన్ని ట్రిపుల్ ఫీడ్ అంటారు. కింది పళ్లు, లోపలి పాదం, సూది మూడూ కలిసి ఒకేసారి వెనక్కి జరుగుతాయి. సూది తోలులో దిగి ఉండగానే తోలును పట్టుకుని జరుపుతుంది. పొరలు ఒకదాని మీద ఒకటి జారే వీలే ఉండదు. సింగర్ 111 తరగతి పాత మిషన్లలో కొన్ని, జుకీ 563, 1541 ఈ కోవలోవి. వీటిని చూసి చేసిన చైనా మిషన్లు ఇప్పుడు చాలా ఉన్నాయి.

అంగడిలో మాత్రం రెంటినీ వాకింగ్ ఫుట్ అనే అమ్ముతారు. తేడా పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మోటారు ఆపించి, చేతి చక్రాన్ని మెల్లగా తిప్పండి. సూది తోలులో ఉండగా వెనక్కి జరిగితే ట్రిపుల్ ఫీడ్. నిలువుగా దిగి నిలువుగా లేస్తే కాదు.

రెండోది దారం. ఆ అబ్బాయి కుట్టే పట్టెడ ఎద్దు లాగినా ఊడకూడదు. చొక్కా దారంతో అది ఎలా అవుతుంది? బాండెడ్ నైలాన్ దారం కావాలి. దారం లావును టెక్స్ అనే అంకెతో చెబుతారు. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్స్. బ్యాగులకు 70 నుంచి 90 టెక్స్, బెల్టులకు, పట్టెడలకు 135 టెక్స్ అనుకోవచ్చు. కోన్ మీద టికెట్ నంబరు అని ఇంకో అంకె వేస్తారు, అది తలకిందులుగా ఉంటుంది. టికెట్ 40 కంటే టికెట్ 20 లావు. 135 టెక్స్ దారమే టికెట్ 20. ఇది తెలియక ఆ అబ్బాయి ఒకసారి లావు దారం అనుకుని 60 నంబరు కోన్ తెచ్చుకున్నాడు.

లావు దారానికి లావు సూది. 135 టెక్స్ దారం సాఫీగా నడవాలంటే 22 నంబరు సూది కావాలి. దాని మీద 140 అని కూడా ఉంటుంది, అంటే 1.4 మిల్లీమీటర్ల మందం. మనం ఇచ్చిన మిషన్‌లో ఉన్నది 16 నంబరు సూది, ఒక మిల్లీమీటరు. సూది మారిస్తే సరిపోదా అని నేనూ అడిగాను. సరిపోదు. సూదికీ షటిల్ కొనకూ మధ్య ఉండే సందు, పళ్ల పలకకు ఉండే రంధ్రం, పాదం ఎంత ఎత్తు లేస్తుందన్నది, అన్నీ ఆ సన్న సూదికి తగ్గట్టు చేసినవే. పైగా తోలు సూది మొనే వేరు. బట్ట సూది గుండ్రటి మొనతో నూలు పోగుల మధ్య నుంచి తోసుకుపోతుంది. తోలులో పోగులు లేవు, కోసుకుంటూ పోయే మొన కావాలి. కుట్టు కూడా బట్టకు వేసినట్టు దగ్గర దగ్గరగా వేస్తే, పోస్టల్ స్టాంపు అంచులా తోలు ఆ గీత వెంబడే చిరుగుతుంది. అందుకని నాలుగైదు మిల్లీమీటర్ల కుట్టు వేయగల మిషన్ కావాలి.

ఇక మోటారు. చొక్కాల మిషన్ నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేసేలా చేస్తారు. తోలుకు ఆ వేగం అక్కరలేదు, నిదానంగా వెళుతూ బలంగా దిగాలి. పాత పద్ధతి క్లచ్ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగేదే అనుకుందాం. మోటారు పుల్లీ 50 మిల్లీమీటర్లు, మిషన్ చక్రం 100 మిల్లీమీటర్లు ఉంటే నిమిషానికి 720 కుట్లు, అంటే సెకనుకు పన్నెండు. పట్టెడ మలుపు దగ్గర సెకనుకు పన్నెండు కుట్లంటే చెయ్యి తప్పినట్టే. పైగా ఆ మోటారు మనం కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది, మీటరూ తిరుగుతుంది. సర్వో మోటారు పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది, వేగాన్ని ముందే తగ్గించి పెట్టుకోవచ్చు. అర హార్స్‌పవర్ చాలు, ఇంటి కరెంటుతోనే నడుస్తుంది. బలం ఇంకా కావాలంటే చిన్న పుల్లీ వేస్తారు. వేగం తగ్గిన మేరకు బలం పెరుగుతుంది. ఇది మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు, బిల్లు మీద సంతకం చేసేటప్పుడు నాకే గుర్తు రాలేదు.

ఇవన్నీ నాకు ఒక్క రోజులో తెలియలేదు. బడి ల్యాబులోంచి వెర్నియర్ కాలిపర్స్ తీసుకుని మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. అతను చేసే ప్రతి వస్తువునూ, ఎక్కడ అన్నిటికంటే మందమో అక్కడ కొలిచాం. బ్యాగు నాలుగు మిల్లీమీటర్లు, పిడి అతికే చోట ఆరు. బెల్టు ఏడు. పట్టెడకు ఇనుప కడియం దగ్గర తోలు మడిచి కుట్టే చోట పన్నెండు. ఈ పన్నెండు దగ్గర మా కమిటీలో పెద్ద చర్చ జరిగింది. ట్రిపుల్ ఫీడ్ బల్ల మిషన్లు హాయిగా కుట్టేది ఏడెనిమిది మిల్లీమీటర్ల వరకే. పన్నెండు నేరుగా కుట్టాలంటే జుకీ 441 తరగతి మిషన్ కావాలి. గుర్రపు జీనులు కుట్టేది అదే. ముప్పావు అంగుళం తోలును కూడా కుడుతుంది. ధర మన చేతిలో ఉన్న సొమ్ముకు చాలా రెట్లు. చేతిలో ఉన్నది 40 వేలు.

"ఆ కడియం దగ్గర అంచులు రంపెతో చెక్కేస్తే ఏడుకు వస్తుంది ఆపా. నాన్న అలాగే చెక్కేవాడు" అన్నాడు ఆ అబ్బాయి. మడత లోపలి వైపు తోలును పలచగా చెక్కితే మందం తగ్గుతుంది, పైకి కనపడదు. ఖర్చు ఒక పదును కత్తి. అతన్ని మొదటే అడిగి ఉంటే పదకొండో మిషన్ తప్పు జరిగేది కాదు. దరఖాస్తు తీసుకున్నప్పుడు ఆదాయం అడిగాం, రేషన్ కార్డు అడిగాం, ఇద్దరు హామీదారులను అడిగాం. ఏం కుడతావు, ఎంత మందం అని మాత్రం అడగలేదు.

కొత్త ట్రిపుల్ ఫీడ్ మిషన్ మన సొమ్ములో రాలేదు. వాడిన మిషన్లు చూడటానికి అతన్నీ, మన ఊళ్లో మిషన్లు బాగుచేసే పెద్దాయననూ తీసుకుని చెన్నై వెళ్లాను. సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరలోనే పెరియమేడు ఉంది. తోలు వ్యాపారానికి పేరున్న పేట. ఆంబూరు, వాణియంబాడి తోళ్లు కూడా అక్కడ దొరుకుతాయి. మిషన్లు, దారాలు, కొక్కేలు అన్నీ ఆ చుట్టుపక్కలే.

వెళ్లేటప్పుడు సంచిలో అతని సొంత తోలు ముక్కలు, సొంత దారం పెట్టుకున్నాం. ఈ ఒక్క పని ప్రతివాళ్లూ చేయాలి. అంగడివాళ్లు తమ దగ్గర ఉండే మెత్తటి ముక్క మీద కుట్టి చూపిస్తారు, దాని మీద ఏ మిషనైనా ముత్యాల్లా కుడుతుంది. మొదటి అంగడిలో మిషన్‌కు కొత్తగా రంగు వేసి ఉంది, తళతళ మెరుస్తోంది. నాకు నచ్చింది. మా మెకానిక్ పెద్దాయన రంగు వైపు చూడలేదు. సూది కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు, కదిలింది. షటిల్ విప్పించి దాని కొన మీద గోరు ఆనించి చూశాడు, మొద్దుబారింది. "ఈ సున్నం మనకొద్దు టీచరమ్మా" అని బయటికి నడిచాడు.

మూడో చోట దొరికింది. పెయింటు పెచ్చులు లేచిపోయిన పాత జపాన్ తల. ముందు చేత్తో తిప్పి చూశాం, ఎక్కడా పట్టేయలేదు. పెద్దాయన చెప్పిన వరుసలో అన్నీ చూశాం. రెండు పొరలు కుట్టించి, అక్కడి నుంచి నాలుగు పొరల మీదికి ఎక్కించాం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కుట్టు పొడవు మారుతుందేమో చూశాం. మెట్టు దగ్గర కొంచెం మారింది, తప్పలేదు. రివర్స్ వేస్తే సూది పాత రంధ్రాల్లోనే పడుతోంది. అడుగు వైపు తిప్పితే ముడులు పైకి కనపడకుండా తోలు లోపల కూర్చున్నాయి. బాబిన్లు, పాదాలు ఇప్పటికీ విడిగా దొరుకుతాయా అని అడిగి, అప్పుడే నాలుగు బాబిన్లు కొన్నాం. విడిభాగాలు దొరకని చవక మిషన్ రెండో ఏడు ఇనుప తూకానికే పోతుంది. తలకు పాత ధర, మోటారు మాత్రం కొత్త సర్వో. బల్ల, రవాణా, మూడు ప్యాకెట్ల సూదులు, రెండు కోన్ల దారం, అన్నీ కలిపి 38 వేల పైచిలుకు అయింది.

ఇక మీ ముందు దాచకూడని సంగతి. ఆ డబ్బుతో ఐదు టైలర్ మిషన్లు వచ్చేవి. కమిటీలో ఒక పెద్దమనిషి, నాకు ఎంతో గౌరవమున్న మనిషి, "ఐదు కుటుంబాల వాటా ఒక్కరికి ఇవ్వడం న్యాయమా?" అని అడిగారు. ఆయన ప్రశ్న తప్పని నేను ఇప్పటికీ అనను. ఐదుగురు అక్కలు ఆ ఏడు ఎదురుచూశారు, వాళ్లలో ఇద్దరికి ఇంకా ఇవ్వలేకపోయాం. నేను చెప్పగలిగింది ఒక్కటే. అతనికి మొదట ఇచ్చిన మిషన్ ఖరీదు చేసింది, కానీ ఎవరికీ పని చేయలేదు. అంటే ఒక కుటుంబం వాటా ఏడాదిపాటు దుప్పటి కింద ఉండిపోయింది. జకాత్ సొమ్ము చేతులు మారితే మన బాధ్యత తీరిందని అనుకునేవారు అనుకోవచ్చు. నాకు నిద్ర పట్టలేదు. ఆ మిషన్‌ను అతని అంగీకారంతోనే వెనక్కి తీసుకున్నాం, ఇప్పుడు నైటీలు కుట్టే ఒక అమ్మాయి దాని మీద రోజంతా కుడుతోంది.

కొత్త మిషన్ మీద పట్టెడ కుట్టడం అరపూటలో అవుతోంది. చేత్తో అయితే రోజున్నర. అన్నీ సులువైపోలేదు. సీజన్ లేనప్పుడు ఆర్డర్లు లేవు. సొల్యూషన్ పూసి ఆరకుండా కుడితే సూదికి జిగురు పట్టి దారం తెగుతుంది. ఒకసారి మిషన్ నూనె అయిపోయిందని వాళ్లమ్మ కొబ్బరినూనె పోసింది. అది గడ్డకట్టి మెకానిక్ పెద్దాయన వచ్చి కిరోసిన్‌తో కడగాల్సి వచ్చింది. కూలి తీసుకోలేదు, తిట్లు మాత్రం తిట్టాడు.

ఇప్పుడు ఈ ఏటి సంగతి. తోలుపని వాళ్ల నుంచి రెండు దరఖాస్తులు ఉన్నాయి. ఒకరు బస్టాండు దగ్గర చెప్పులు, బూట్లు బాగుచేసే చాచా. ఆయనకు ట్రిపుల్ ఫీడ్ మిషన్ ఇస్తే అది కూడా దుప్పటి కిందికే పోతుంది. బూటు లోపలికి బల్ల మిషన్ దూరదు. ఆయనకు కావలసింది సన్నటి చెయ్యి ఉండి, పాదం ఏ దిక్కుకైనా తిరిగే ప్యాచర్ మిషన్. పాత సింగర్ 29 రకం, లేదా చేత్తో తిప్పే చైనాది. చైనాది చవక, కరెంటు అక్కర్లేదు, చెట్టు కింద పెట్టుకోవచ్చు. పోత గరుకుగా ఉంటుంది, కొన్నాక ఒకసారి విప్పి, ఆకురాయి పెట్టి నునుపు చేయించాలి. బాబిన్ చిన్నది, బ్యాగుల వరుస పనికి పనికిరాదు. మరమ్మతుకు అంతకు మించి అక్కర్లేదు. ఒక టైలర్ మిషన్ సొమ్ముకు కొంచెం అటూ ఇటూగా తేలుతుంది.

రెండో దరఖాస్తు ఇద్దరు అన్నదమ్ములది. స్కూటర్ సీట్లు, ఆటో సీట్లు కుడతారు. వాళ్లది రెక్సిన్, నాలుగు పొరలు కలిపినా మూడు మిల్లీమీటర్లు దాటదు. కానీ పొడవాటి కుట్లు, పొర జారకూడదు. ట్రిపుల్ ఫీడే కావాలి, కానీ 70 టెక్స్ దారం, 18 నంబరు సూది చాలు. కాబట్టి మరీ బలమైన తల కోసం వెతకనక్కర్లేదు. దీనికి మనకు 11 వేలు తక్కువ పడుతున్నాయి. ఎవరైనా దాత పూర్తి చేస్తే ఈ నెలలోనే చెన్నై వెళ్లొస్తాం. అన్నదమ్ముల్లో ఒకరు మాతో తప్పకుండా వస్తారు.

దరఖాస్తు ఫారం కూడా మార్చాం. వెనక పేజీలో ఒక కవరు అతికించాం. కుట్టబోయే వస్తువు నుంచి అన్నిటికంటే మందమైన చోటి ముక్క ఒకటి, వాడే దారం ఒక మూర అందులో పెట్టి ఇవ్వాలి. చాచా బూటు మడమ ముక్క, అన్నదమ్ముల రెక్సిన్ ముక్క ఇప్పుడు మీ వరుసల్లోకి పంపిస్తున్నాను. వెర్నియర్ కాలిపర్స్ కూడా వాటితోపాటే వస్తోంది. కొలిచి చూసి పక్కవారికి అందించండి. కాలిపర్స్ మాత్రం సోమవారం ప్రేయరు లోపల నాకు తిరిగి రావాలి, అది బడి సొత్తు.